జింకల మంద ఇల్లు మారేటప్పుడు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవులు అమూల్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులలో మీరు విజయవాడ నుండి విశాఖ వెళ్ళి జూ చూసి వచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అమూల్య నన్ను అడగమన్న ప్రశ్న కూడా చెప్పింది: "జింకలన్నీ ఒకే కంచెలో ఉన్నాయి, ఆ వెనకాలే కంబాలకొండ అడవి ఉంది, తలుపు తీసి వదిలేస్తే హాయిగా పోతాయి కదా?" నేను పశువైద్యుడిగా పనిచేసినంత కాలం ఈ ప్రశ్నను పెద్దవాళ్ళ నోట కూడా విన్నాను. ఫోనులో చెబితే సగమే చెప్పగలనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చుక్కల దుప్పి సుమారు ఏడున్నర నెలలు మోసి సాధారణంగా ఒక పిల్లను ఈనుతుంది. అడవిలో ఆ పిల్లల కోసం పులి, చిరుత, రేచుకుక్కలు కాచుకుని ఉంటాయి కనుక మంద హద్దు దాటి పెరగదు. జూలో వేళకు మేత వస్తుంది, జబ్బు చేస్తే మందు దొరుకుతుంది, వెంటపడేవారు ఉండరు. ఢిల్లీలోని హౌజ్ ఖాస్ జింకల పార్కు 1960లలో ఆరు జింకలతో మొదలైంది. అవి పెరిగి పెరిగి దాదాపు ఆరు వందలయ్యాయి. చివరకు 2023లో, దేశంలోని జూలకు గుర్తింపునిచ్చే సెంట్రల్ జూ అథారిటీ ఆ పార్కుకు జూగా ఉన్న గుర్తింపును రద్దు చేసింది. అన్ని జింకలను ఒక్కసారిగా ఎక్కడికి పంపాలి, ఎలా పంపాలి అన్నది ఆ తరువాత పెద్ద వివాదమై కోర్టుల దాకా వెళ్ళింది.

మన మిరప నారుమడిని తలచుకోండి. విత్తనం చల్లిననాడు మడి ఎంతో విశాలంగా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి మొక్కకు మొక్క ఆనుకుని, గాలి ఆడక, అడుగున తేమ నిలిచి, నారుకుళ్ళు తెగులు ఒక మూల మొదలై మడి అంతా పాకుతుంది. అలాగని రైతు నారును పీకి గట్టు మీద విసిరేయడు. ముందుగా చేను దున్ని సిద్ధం చేసుకుంటాడు. పీకే ముందు మడిని నీటితో తడిపి, వేరు తెగకుండా, వేళ్ళకు కాస్త మన్నుతో సహా తీస్తాడు. ఎండ దిగిన తరువాత నాటుతాడు. నాటిన మొక్క కొద్ది రోజులు తలవాల్చి ఉంటుంది. చూసేవారికి అది చచ్చిందేమో అనిపిస్తుంది గాని, రైతు తొందరపడకుండా నీరు పెడుతూ కనిపెట్టుకుని ఉంటాడు.

మందను తరలించడం కూడా ఈ క్రమంలోనే జరుగుతుంది. ముందు చేను, అంటే వెళ్ళబోయే చోటు, సిద్ధం కావాలి: అక్కడ మేత ఉందా, నీడ ఉందా, గాలికుంటు, క్షయ వంటి జబ్బులు ఉన్న పశువులు దగ్గరలో తిరుగుతున్నాయా అని చూడాలి. తరువాత మడి తడపడం. దుప్పులను తరిమి పట్టరు. ఆవరణలో ఒకచోట గరాటా ఆకారంలో, వెడల్పు నోటి నుండి సన్నని దారిలోకి వచ్చే దడి కట్టి, దానికి గుడ్డ గాని ఆకులు గాని కప్పుతారు. ఆఫ్రికాలో పుట్టిన ఈ పద్ధతిని బోమా అంటారు. రోజూ మేతను ఆ దడిలోనే వేస్తూ, దాని మధ్య తిరగడం మందకు అలవాటు చేస్తారు. గుడ్డ ఎందుకంటారా? దుప్పికి ఇనుప వల అవతల వెలుతురు కనిపిస్తే, అటు దారి ఉందనుకుని దూకి మెడ విరగగొట్టుకుంటుంది; అవతల ఏమీ కనిపించకపోతే దడిని గోడగా ఎంచి దాని వెంటే నెమ్మదిగా నడుస్తుంది. సన్నని దారి చివర లారీ ఉంటుంది, లారీలో గడ్డి పరిచి ఉంటుంది. ప్రయాణం చల్లని వేళ పెడతారు. నెలలు నిండిన తల్లులను, పాలు తాగే పిల్లలున్న తల్లులను నారుమడిలోని లేత మొక్కల లాగా అలాగే ఉండనిస్తారు. మగదుప్పికి కొమ్ములు ఏటా రాలి కొత్తవి వస్తాయి. కొత్త కొమ్ము మీద నెత్తురు ఆడే మెత్తని చర్మం ఉన్నంత కాలం దానిని కదిలించరు, కొమ్ము ముదిరిన మగదానిని ఆడవాటితో కలిపి ఎక్కించరు.

అడవిదున్నను ఇలా నడిపించి ఎక్కించడం కష్టం. దానికి మత్తుసూది వేసి, మనుషులందరూ కలిసి మోసి, ఒక్కొక్కదానినే వాహనంలోకి చేర్చాలి. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో అడవిదున్నలు కనుమరుగైపోతే, 2011, 2012 సంవత్సరాలలో కాన్హా నుండి యాభై దున్నలను ఈ విధంగానే తీసుకువచ్చి వదిలారు. అవి అక్కడ నిలదొక్కుకుని మందలు కట్టాయి.

ఇంత నెమ్మది ఎందుకో నాకు చిన్ననాడే తెలిసింది. మాచర్ల అవతల, నల్లమల అంచున ఉండే మా ఊళ్ళోకి ఒక వేసవిలో నీటికోసం ఒక దుప్పి వచ్చింది. కుక్కలు వెంటపడితే ఊరివాళ్ళు వాటిని అదిలించి, దానిని పట్టి, మా పశువుల కొట్టంలో కట్టారు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. మా నాయనమ్మ జొన్నచొప్ప వేసింది, కడవతో నీళ్ళు పెట్టింది, పిల్లలమంతా చుట్టూ మూగి దాని వీపు మీది చుక్కలను లెక్కపెట్టాము. అది మమ్మల్ని చూస్తూ వణుకుతూనే ఉంది. మరునాడు కాళ్ళు బిగుసుకుని పడిపోయింది, సాయంత్రానికి చచ్చిపోయింది. దిష్టి తగిలిందని ఊళ్ళో అనుకున్నారు. తరువాత పశువైద్య కళాశాలలో చదువుకునేటప్పుడు ఆ జబ్బుకు క్యాప్చర్ మయోపతి అని పేరుందని తెలిసింది: అడవి జంతువు అతిగా పరుగెత్తి, అతిగా బెదిరినప్పుడు దాని కండరాలు లోలోపలే చితికి, వాటి నుండి వచ్చే విషం మూత్రపిండాలను, గుండెను దెబ్బతీస్తుంది. పట్టుకున్ననాడు బాగానే ఉన్నట్లు కనిపించిన జంతువు రోజుల తరువాత కూడా చచ్చిపోవచ్చు. ప్రేమగా చుట్టూ మూగడం కూడా దానికి భయమే. అందుకే జూలో మీరు కేకలు వేయకూడదని, రాళ్ళు విసరకూడదని బోర్డు పెడతారు. ఆ మాట తప్పక పాటించండి.

ఇక తలుపు తీసి వదలడం గురించి. జూలో పుట్టిన దుప్పికి మనిషంటే భయం లేదు, కుక్కను చూస్తే పారిపోవాలని తెలియదు, మేత తొట్టి లేని చోట దేనిని తినాలో నేర్చుకోవాలి. దానికి జబ్బు ఉంటే అడవి మందకు అంటుకుంటుంది. అది సుఖంగా బతికినా చిక్కే: బ్రిటిష్ వారి కాలంలో అండమాన్ దీవులలో చుక్కల దుప్పులను వదిలారు. అక్కడ పులి లేదు, చిరుత లేదు. అవి దీవి నుండి దీవికి ఈదుకుంటూ వెళ్ళి, మొలకెత్తిన ప్రతి లేత చెట్టునూ మేసి, నేటికీ ఆ అడవిని ఎదగనివ్వడం లేదు. అందుకనే మన చట్టం ప్రకారం ఒక జూ తన జంతువును మరొక జూకి ఇవ్వాలన్నా సెంట్రల్ జూ అథారిటీ ముందుగా అనుమతించాలి. మంద మితిమీరక ముందే మగవాటిని, ఆడవాటిని వేరు వేరు ఆవరణలలో ఉంచడం అన్నిటికన్నా దయగల పని అని నేను నమ్ముతాను.

కొన్నిచోట్ల పులులకు ఆహారం చాలని అడవికి దుప్పులను పంపుతారు. వాటిని పులి తింటుంది కదా అని కార్తీక్ బాధపడతాడు. తింటుంది, నాయనా. కాని కొన్ని పరుగెత్తి తప్పించుకుని పిల్లలను కూడా పెంచుతాయి. ఇందులో ఏది న్యాయమో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు.

చైనాలో పేర్ డేవిడ్ జింక అనే పెద్ద జింక ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివరికి బీజింగ్ దగ్గర రాజుల వేట తోటలో ఒకే ఒక మంద మిగిలింది. వరదలో, ఆ తరువాత 1900 నాటి కల్లోలంలో అదీ పోయింది. అప్పటికే ఐరోపా జూలకు చేరిన కొన్నింటిని ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ డ్యూక్ అనే ప్రభువు ఏరి కూర్చి తన తోటలో పద్దెనిమిదింటితో మంద కట్టాడు. ఈనాడు భూమి మీద ఉన్న ఆ జింకలన్నీ వాటి సంతతే. 1985లో వాటిలో కొన్ని విమానమెక్కి, తమ ముత్తాతలు మేసిన ఆ తోటలోకే తిరిగి వచ్చాయి. తాము ఎన్నడూ చూడని ఆ గడ్డి మీద కాలు పెట్టినప్పుడు వాటికి ఏమనిపించి ఉంటుందో నేను మీకు చెప్పలేను.

సంక్రాంతికి హైదరాబాదు వెళ్ళినప్పుడు నెహ్రూ జూలో కృష్ణజింకల ఆవరణ దగ్గర అరగంట మాట్లాడకుండా నిలబడండి. నల్లని వీపు, మెలికల కొమ్ములు ఉన్నది మగది. చప్పుడైతే ముందుగా తల ఎత్తినది ఏదో, మిగిలినవి దాని వెంట ఎటు తిరిగాయో చూడండి. మేత ఎన్ని గంటలకు వేస్తారో అక్కడి కాపరి గారిని అడిగి, అవన్నీ నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య