విశ్వాసమా క్రియలా: అందరూ 1517 చెప్తారు, 1541 ఎవరూ చెప్పరు

మళ్లీ మొదలైంది. "విశ్వాసం ఒక్కటే చాలు, దానికి క్రియలు కలిపితే అది సువార్తే కాదు" అని ఒకరు గట్టిగా ప్రసంగిస్తారు, వెంటనే ఇంకొకరు క్రియలూ కావాలనే యాకోబు పత్రిక 2:24 తీసి ముందు పెడతారు, మూడో ఆయన కథోలికుల ట్రెంట్ సభ ప్రొటెస్టెంట్లైన మమ్మల్ని శపించింది కదా అని పాత గాయం కెలుకుతాడు, నాలుగో ఆయన అసలు ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ బైబిల్లో మాటే మార్చాడంటాడు. కొన్నేళ్లకోసారి ఇది ఇలా రాజుకుంటూనే ఉంటుంది. లూథర్ చర్చి తలుపుకి కొట్టిన నిరసన, పాపక్షమాపణ పత్రాలు, వాటిని అమ్మిన టెట్జెల్ డబ్బుల పెట్టె ఇవన్నీ తెలిసినవే కాబట్టి 1517ని వదిలేస్తున్నా. ఈ గొడవ అర్థం కావాలంటే నా లెక్కలో చూడాల్సింది 1541, ఎందుకంటే ఆ ఏడాది కథోలిక, ప్రొటెస్టెంట్ పక్షాల పండితులు ఒకే గదిలో కూర్చుని సరిగ్గా ఈ విషయం మీదే ఒప్పుకున్నారు. అవును, ఒప్పుకున్నారు. తర్వాత ఏమైందన్నదే కథ.

దానికి ముందు ఆ నాలుగో ఆయన మాట తేల్చేద్దాం. లూథర్ 1522లో కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చినప్పుడు రోమా 3:28లో 'అల్లైన్' అనే మాట పెట్టాడు, అంటే 'మాత్రమే'. గ్రీకులో ఆ మాట లేదు, ఆ మాట వరకూ ఆరోపణ నిజమే. విమర్శించినవాళ్లకి 1530లో కోబర్గ్ కోట నుంచి ఆయన రాసిన జవాబు పొగరుగానే ఉంటుంది గానీ అందులో భాష గురించి చెప్పింది మాత్రం కొట్టిపారేయలేం: ఒకటి ఔను ఇంకోటి కాదు అని చెప్పేటప్పుడు జర్మన్‌లో ఆ మాట పడాల్సిందే, రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు డబ్బు తేలేదు అన్నట్టు. మన తెలుగు బైబిల్లో అదే వచనం తీసి చూడండి, "విశ్వాసమువలననే" అని ఉంటుంది. చివర్న ఆ 'నే' ఏంటి మరి? లూథర్ ఒక పదం పెట్టి అయిదొందల ఏళ్లు తిట్లు తింటున్నాడు, మనవాళ్లు ఒక్క అక్షరంతో పని కానిచ్చేశారు.

యాకోబు దగ్గరికొస్తే అక్కడ "విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను" అని ఉంది. కొత్త నిబంధన గ్రీకు మూలంలో 'విశ్వాసం మాత్రమే' అని ఆ రెండు మాటలూ కలిసి వచ్చేది ఈ ఒక్క చోటే, అదీ 'కాదు' అనడానికి. లూథర్‌కి ఈ పత్రిక గొంతులో ముల్లు. 1522 ముందుమాటలో దాన్ని గడ్డి పత్రిక అనేశాడు, తర్వాతి ముద్రణల్లో ఆ వాక్యం తీసేశారు, పత్రికని మాత్రం ఆయన బైబిల్లోంచి తీయలేదు, చివరికి నెట్టాడంతే.

ఇంకో సంగతి, ఇది చాలామంది చూడరు. పౌలు దగ్గర మన బైబిల్ "నీతిమంతులుగా తీర్చబడుచున్నారు" అంటుంది, యాకోబు దగ్గర "నీతిమంతుడని యెంచబడును" అంటుంది, గ్రీకులో మాత్రం రెండు చోట్లా ఒకటే క్రియ. తీర్చడం వేరు, ఎంచడం వేరు కదా. గొడవ మొత్తం ఈ సందులోనే ఉంది. తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీన్ కాలం నుంచి లాటిన్ చదివినవాళ్లకి ఆ మాటంటే మనిషిని లోపలి నుంచి నీతిమంతుడిగా చేయడం, అలాంటప్పుడు మారిన మనసూ ప్రేమా క్రియలూ అందులో భాగమే అవుతాయి. లూథర్ పక్షంలో, ముఖ్యంగా ఆయన సహచరుడు మెలాంక్తన్ చేతిలో, అది కోర్టులో జడ్జి ఇచ్చే తీర్పు అయింది, అప్పుడు క్రియలు తీర్పు తర్వాత వచ్చే ఫలాలే గానీ తీర్పుకి కారణం కావు. అంటే ఇద్దరూ ఒకే మాట వాడుతూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటున్నారు. తమాషా ఏంటంటే మన అనువాదంలో పౌలుకి దక్కింది కథోలికులకు నచ్చే మాట, యాకోబుకి దక్కింది ప్రొటెస్టెంట్లకు నచ్చే మాట.

ఇప్పుడు 1541. దీనికి మనకు తెలియాల్సిన మనిషి గాస్పరో కొంటారినీ, వెనిస్ పెద్దింటి బిడ్డ. 1510 చివర్లో ఈయన దగ్గరి స్నేహితుడు జుస్తినియాని అన్నీ వదిలేసి కమల్దోలి అనే చోట సన్యాసుల్లో కలిసిపోయాడు. ఈయనకి దిగులు పట్టుకుంది, అంత తపస్సు చేసేవాళ్లకే రక్షణ మీద నమ్మకం లేకపోతే లోకం మధ్య ఉన్న నా గతేంటి అని. 1511లో ఈస్టర్ ముందు శనివారం వెనిస్‌లో సాన్ సెబాస్టియానో చర్చిలో ఒక సన్యాసి దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) చేసి మాట్లాడి వచ్చాక ఆయనకి తట్టింది ఇది: నేను ఎన్ని ప్రాయశ్చిత్తాలు చేసినా, ఇంకా ఎన్ని కలిపినా, చేసిన పాపాలకే సరిపోవు, ఇక నిత్యజీవం సంపాదించడమెక్కడ, కానీ క్రీస్తు పడిన శ్రమ సరిపోతుంది, మనం చేయాల్సింది విశ్వాసంతో, నిరీక్షణతో, కాస్తంత ప్రేమతో ఆయనకి అతుక్కోవడమే. ఇదంతా స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో ఉంది, ఇరవయ్యో శతాబ్దంలో హ్యూబర్ట్ జెడిన్ అనే చరిత్రకారుడు వాటిని బయటికి తీశాడు. 1511 అంటే లూథర్ పేరు బయట ఎవరికీ తెలియని రోజులు. కథోలిక సంఘం అంటే క్రియలతో స్వర్గం కొనుక్కునే దుకాణం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ ఉత్తరాల సంగతి పట్టించుకోరు.

ఈ కొంటారినీని 1535లో పోప్ మూడో పౌలు కార్డినల్ చేశాడు, అప్పటిదాకా ఈయన చర్చి గురువు కూడా కాదు, మామూలు విశ్వాసి, వెనిస్ ప్రభుత్వ రాయబారి. 1541 వసంతంలో చక్రవర్తి అయిదో చార్లెస్ జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో చర్చలు పెట్టాడు, ఆయన తొందర ఆయనది, తూర్పు నుంచి తురుష్కులు వస్తున్నారు, జర్మన్ రాజులు ఒక్కటి కాకపోతే సైన్యం ఎక్కడి నుంచి వస్తుంది (ఆ వేసవిలోనే బుడా పట్నం ఒట్టోమన్ల చేతికి పోయింది). పోప్ ప్రతినిధిగా కొంటారినీ వెళ్లాడు. కథోలికుల తరఫున ఎక్, గ్రాపర్, ఫ్లూగ్, ప్రొటెస్టెంట్ల తరఫున మెలాంక్తన్, బూత్సర్, పిస్టోరియస్. మరో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ కూడా అక్కడే ఉన్నాడు, అప్పుడాయన వయసు 31. ఎక్ అంటే 1519లో లైప్‌జిగ్‌లో లూథర్‌తో వాదించిన ఎక్ ఆయనే, రాజీ అంటే గిట్టని మనిషి.

మే 2న చర్చల ముసాయిదాలోని అయిదో అధికరణం మీద అందరూ సరే అన్నారు. నీతిమంతుడిగా తీర్చబడటం గురించే ఆ అధికరణం. అందులో ఉన్నది సుమారుగా ఇది: మనిషిని నీతిమంతుడిగా తీర్చేది సజీవమైన విశ్వాసం, అంటే గలతీ 5:6లో ఉన్న "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము", ఆ విశ్వాసం క్రీస్తు నీతిని అందుకుంటుంది, పరిశుద్ధాత్మ లోపల ప్రేమని కూడా పుట్టిస్తాడు, కానీ విశ్వాసి ఆనుకోవాల్సింది తన లోపల పుట్టిన నీతి మీద కాదు, దానిలో ఎప్పుడూ లోటే, క్రీస్తు మనకిచ్చిన నీతి మీద. విశ్వాసం మాత్రమే అని చెప్పాలనుకునేవాళ్లు మారుమనస్సు, సత్క్రియలు కూడా కలిపి బోధించాలి అని కూడా రాశారు. కాల్విన్ తన స్నేహితుడు ఫరెల్‌కి ఉత్తరం రాస్తూ మన ఎదుటివాళ్లు ఇంత ఒప్పుకున్నారంటే నువ్వు ఆశ్చర్యపోతావు, మన రాతల్లో లేనిది ఇందులో ఏదీ లేదు అన్నాడు. ఇంకాస్త స్పష్టంగా ఉంటే బాగుండేది అని కూడా అన్నాడనుకోండి.

మరి ఎందుకు విరిగింది? రక్షణ మీద విరగలేదు. రొట్టె మీద విరిగింది. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికి రొట్టె ద్రాక్షారసం సారంలో మారిపోతాయి అనే మాట రాయాల్సిందేనని పట్టుబట్టింది ఎవరో కాదు, ఈ కొంటారినీయే, 1215లో జరిగిన లాటెరన్ అనే సంఘ సభ వాడిన మాట అది, దాన్ని వదులుకునే అధికారం నాకు లేదన్నాడు. అక్కడి నుంచి పాపసంకీర్తనం, సంఘాధికారం, ఒక్కొక్కటీ జారిపోయాయి. ఈలోగా ఒప్పుకున్న ఆ ఒక్క అధికరణాన్ని కూడా రెండు ఇళ్లలోనూ పెద్దలు తిప్పికొట్టారు. లూథర్ ఇది అతుకుల పని, ఎవరికి వాళ్లు గెలిచామని చెప్పుకోడానికి అన్నాడు. రోమ్‌లో కార్డినళ్లకీ నచ్చలేదు. ఇంకా ఫ్రాన్స్‌కి జర్మనీ ఒక్కటవడం ఇష్టం లేదు, చక్రవర్తి బలపడటం పోప్‌కీ అంత ఇష్టం లేదు. కొంటారినీ ఆ అధికరణాన్ని సమర్థిస్తూ మే 25న ఒక లేఖ రాశాడు, మరుసటి ఏడాది ఆగస్టులో చనిపోయాడు, రోమ్‌లో కొత్త మతవిచారణ సంస్థ (ఇంక్విజిషన్) పుట్టింది కూడా 1542లోనే.

ట్రెంట్ గురించి మాట్లాడేవాళ్లు ఈ ఆరేళ్లు ఎగరేసి నేరుగా 1547 జనవరి 13కి వస్తారు. ఆ సభలో సెరిపాండో, లూథర్ ఒకప్పుడు ఉన్న అగస్టీనియన్ సన్యాసుల సంఘానికే పెద్ద ఈయన, రేగెన్స్‌బర్గ్ లాంటి మాటనే మళ్లీ తెచ్చాడు, జెసూట్ పండితుడు లాయినెస్ గట్టిగా అడ్డుపడ్డాడు, సభ ఒప్పుకోలేదు. చివరికి 16 అధ్యాయాలు, 33 శాపాలు వచ్చాయి. అందరూ తొమ్మిదోది చదువుతారు, విశ్వాసం మాత్రమే, ఇంకేమీ సహకరించక్కర్లేదు అనే అర్థంలో చెప్పేవాడు శాపగ్రస్తుడు అని. మొదటిది ఎవరూ చదవరు. క్రీస్తు ద్వారా వచ్చే దేవుని కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడు అనేవాడు శాపగ్రస్తుడు, అదీ మొదటిది. ఎనిమిదో అధ్యాయంలో ఇంకా స్పష్టంగా ఉంది, నీతిమంతుడు కావడానికి ముందున్న ఏదీ, విశ్వాసమైనా క్రియలైనా, ఆ కృపని సంపాదించి పెట్టదని. 32వ శాపం మాత్రం నిజంగా కష్టమైనది, నీతిమంతుడైన మనిషి క్రియలు కృపలో పెరుగుదలకీ నిత్యజీవానికీ అర్హత తెస్తాయని ఒప్పుకోనివాణ్ణి శపిస్తుంది. ప్రొటెస్టెంట్లు మింగలేనిది ఇదే, ఇది మాటల తేడా అని కొట్టేయలేం.

ప్రొటెస్టెంట్ ఇంట్లో మాత్రం ప్రశాంతంగా ఉందా అంటే అదీ లేదు. లూథర్ 1546లో చనిపోయాక గేయార్గ్ మేజర్ అనే విట్టెన్‌బర్గ్ పండితుడు రక్షణకి సత్క్రియలు అవసరం అన్నాడు, లూథర్ ప్రాణస్నేహితుడు అమ్స్‌డోర్ఫ్ కోపంతో ఇంకో చివరికి పోయి సత్క్రియలు రక్షణకి హానికరం అన్నాడు. 1577లో లూథరన్లు ఫార్ములా ఆఫ్ కాంకర్డ్ అనే తమ విశ్వాస ప్రకటన రాసుకున్నప్పుడు రెండింటినీ పక్కన పెట్టాల్సి వచ్చింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ సంగతి చూడండి, 1738లో రోమా పత్రికకి లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే విని మారిన మనిషి, 1770లో క్రియల గురించి నాలుగు మాటలు గట్టిగా అనేసరికి కాల్విన్ పక్షం స్నేహితులు పోప్ మనిషివైపోయావని మీద పడ్డారు. 1980ల చివర్లో అమెరికాలో మెకార్తర్, జేన్ హాజెస్ అనే ఇద్దరు ప్రొటెస్టెంట్ బోధకులు కొట్టుకున్నదీ ఇదే, యేసుని రక్షకుడిగా ఒప్పుకుంటే చాలా, ప్రభువుగా లోబడాలా అని, ఇద్దరూ 'విశ్వాసం మాత్రమే' అనేవాళ్లే. ఇవాళ్టి ప్రసంగాల్లో వాదన నిజానికి ఎక్కువ ఈ రకమే, కథోలికులు పేరుకి మధ్యలో ఉంటారు. ఎఫెసీ 2:8, 9 చెప్పి పదో వచనం ముందు బ్రేక్ వేయడం కూడా ఇక్కడి నుంచి పట్టుబడిన అలవాటే అనిపిస్తుంది నాకు, సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని ఉన్నది ఆ పదిలోనే మరి.

ఇక 1999. అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో వాటికన్, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఇదే విషయం మీద ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాయి. ఊరికే అవలేదు, 1998లో వాటికన్ సందేహాలతో జవాబిస్తే దాదాపు ఆగిపోయింది, జర్మనీలో వందకు పైగా ప్రొటెస్టెంట్ వేదాంత ప్రొఫెసర్లు వద్దని సంతకాలు పెట్టారు, చివరికి ఒక అనుబంధం రాసి గట్టెక్కించారు, అందులో వాటికన్ సిద్ధాంత విభాగం పెద్ద కార్డినల్ రాట్జింగర్ చెయ్యి ఉంది. ఆ అనుబంధంలో కృప మాత్రమే, విశ్వాసం మాత్రమే, క్రియలు లేకుండా అనే మాటలు నేరుగా ఉన్నాయి, కింద కథోలికుల సంతకం ఉంది. పోప్ (పదహారో బెనెడిక్ట్) అయ్యాక అదే రాట్జింగర్ 2008 నవంబర్‌లో లూథర్ 'విశ్వాసం మాత్రమే' అన్నది నిజమే, అది ప్రేమకి ఎదురు నిలబడనంతవరకూ అన్నాడు. ఇది కొంటారినీ మాటే, 1541 మాటే, 467 ఏళ్ల తర్వాత. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ (కాల్విన్ బాటలోని) సంఘాల కూటమి కూడా ఆ ఉమ్మడి ప్రకటనకి చేరాయి. అమెరికాలోని మిస్సోరీ సినడ్ అనే లూథరన్ సంఘం వాళ్లు చేరలేదు, అర్హత అన్న మాట దగ్గర తేడా ఇంకా అలాగే ఉందంటారు వాళ్లు, ఆ ముక్కలో వాళ్లది తప్పనలేం.

సంతకాలు చేసిన ఈ లూథరన్లూ కథోలికులూ మాత్రం ఇప్పటికీ ఒకే ప్రభువు బల్ల దగ్గర కలిసి రొట్టె తీసుకోలేరు.