చూడని మనిషికి రాసిన మందుచీటీ

ఏ నాయకుడి మాట నచ్చకపోయినా మనవాళ్లు హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డకు పంపాలంటారు, విశాఖలో అయితే పెద్ద వాల్తేరుకు. ఆ రెండూ మానసిక వైద్యశాలలున్న చోట్లు. ఆ తిట్టు నాయకుడికి తగలదు. అక్కడ ఓపీ చీటీ పట్టుకుని కూర్చున్నవాళ్లకే తగులుతుంది.

అదే మాట వైద్యులే అంటే ఏమవుతుందో 1964లో అమెరికా చూసింది. రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్. చిన్నపాటి అణ్వాయుధాలు వాడే విషయం యుద్ధరంగంలోని సేనానికే వదిలేయవచ్చన్న ఆయన ధోరణికి చాలామంది బెదిరిపోయారు. ‘ఫ్యాక్ట్’ అనే పత్రిక 12,356 మంది సైకియాట్రిస్టులకు ఉత్తరాలు రాసింది: అధ్యక్షుడిగా ఉండడానికి ఈయన మానసికంగా తగినవారేనా? 2,417 మంది జవాబిచ్చారు. తగరన్నవారు 1,189 మంది, తగుదురన్నవారు 657 మంది. ఆయన గురించి తమకు తెలిసింది చాలదు, చెప్పలేమన్నవారు 571 మంది. వృత్తిధర్మం నిలబెట్టింది ఈ 571 మందే అని నా నమ్మకం. మిగతావాళ్లు, అనుకూలంగా చెప్పినవాళ్లతో సహా, చూడని మనిషి నాడి పట్టారు.

గోల్డ్‌వాటర్ ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయారు. పత్రిక మీద పరువునష్టం దావా మాత్రం గెలిచారు. 1968లో జ్యూరీ నష్టపరిహారంగా ఒక్క డాలరు, శిక్షగా 75,000 డాలర్లు వేసింది. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నియమావళిలో ఒక మాట చేర్చింది: స్వయంగా పరీక్షించకుండా, ఆ వ్యక్తి అనుమతి లేకుండా, ఎవరి మానసిక స్థితి మీదా వైద్యుడిగా అభిప్రాయం చెప్పకూడదు. దాన్నే గోల్డ్‌వాటర్ నియమం అంటున్నారు. ట్రంప్ వచ్చాక, ప్రమాదం కనిపిస్తుంటే హెచ్చరించడం కూడా మా ధర్మమే కదా అని కొందరు వైద్యులు వాదించారు. కొట్టిపారేయాల్సిన వాదన కాదది. అయినా 2017లో సంఘం పాత నియమాన్నే మళ్లీ ఖరారు చేసింది.

మన రాజ్యాంగం 102వ అధికరణ కూడా ఈ నిర్ణయాన్ని ఊహకు వదల్లేదు. మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం ప్రకటిస్తేనే పార్లమెంటు సభ్యత్వానికి అనర్హత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు ఆ మనిషి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు.

మానసిక జబ్బంటే జనంలో ఉన్న భయాన్ని మాత్రం ఏ నియమమూ ఆపలేదు. 1972లో డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థిగా థామస్ ఈగిల్టన్ పేరు ఖరారైంది. డిప్రెషన్‌తో మూడుసార్లు ఆసుపత్రిలో చేరానని, కరెంటు షాక్ చికిత్స కూడా తీసుకున్నానని ఆయనే విలేకరుల ముందు చెప్పారు. వెయ్యి శాతం ఆయన వెంటే ఉన్నానన్న పార్టీ అధ్యక్ష అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ కొద్దిరోజుల్లోనే తప్పుకోమన్నారు. అభ్యర్థిత్వం 18 రోజుల్లో ముగిసింది. ఊహించి అంటగట్టిన జబ్బు కాదది, వైద్యం చేయించుకుని కోలుకున్న జబ్బు. ఆయన సొంత రాష్ట్రం మిస్సోరి ఓటర్లు 1974లోనూ 1980లోనూ ఆయన్నే సెనేట్‌కు పంపారు.