పైకి కనిపించని హెర్నియా

హెర్నియా అనగానే గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు గుర్తొస్తుంది. దగ్గితే బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. స్పైజీలియన్ హెర్నియా చాలాసార్లు ఆ ఆనవాలు కూడా ఇవ్వదు. బొడ్డుకు కాస్త కింద, పక్కగా నొప్పి అంటాడు రోగి. నొక్కి చూస్తే చేతికి గడ్డ తగలదు. గ్యాస్ అనో, కండరం పట్టేసిందనో మాత్రలు రాసి పంపేస్తారు. పొట్ట గోడ హెర్నియాల్లో ఇవి రెండు శాతానికి మించవు కాబట్టి ఆ డాక్టరును మరీ తప్పు పట్టలేం.

పేరు ఎవరిదో ఆయన ఈ హెర్నియాను వర్ణించనే లేదు. ఆడ్రియాన్ వాన్ డెన్ స్పీగెల్ (1578–1625) బ్రసెల్స్‌లో పుట్టి, ఇటలీలోని పాడువాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. ఆయన వర్ణించింది ఒక గీతను. జిమ్ కుర్రాళ్లు సిక్స్ ప్యాక్ అనే నిలువు కండరానికి బయటి వైపు, నెలవంకలా వంగి కిందికి దిగే గీత అది. అక్కడ హెర్నియా వస్తుందని ప్రాగ్‌లో జోసెఫ్ క్లింకోష్ చెప్పేసరికి 1764 వచ్చింది. పేరు మాత్రం స్పీగెల్‌కే దక్కింది.

పొట్ట పక్క గోడలో మూడు పొరలుంటాయి. ఇక్కడ కన్నం పడేది లోపలి రెండింటికే. పై పొర మూతలా అలాగే ఉంటుంది. లోపలి కొవ్వో పేగో ఆ కన్నంలోంచి వచ్చి, దుప్పటి కింద దూరిన పిల్లిలా పక్కకు పాకుతుంది. కన్నం తరచుగా రెండు సెంటీమీటర్ల లోపే. పేగు అందులో ఇరుక్కుంటే రక్తం అందక కుళ్లిపోతుంది. నొప్పి పెద్దగా లేకపోయినా ఆపరేషన్ చేయించుకోమనేది అందుకే.

స్కానింగ్ లేని రోజుల్లో కొందరికి ఇది ఎమర్జెన్సీ ఆపరేషన్ బల్ల మీదే బయటపడేది. ఇప్పుడు అల్ట్రాసౌండ్, సీటీ ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో ఓ చిన్న కిటుకుంది: రోగిని నిలబెట్టి దగ్గించాలి. పడుకోబెడితే జారింది వెనక్కి పోయి రిపోర్టు నార్మల్ అని రావచ్చు.

రిపేరు మొదట్లో కోసి, జారినదాన్ని లోపలికి నెట్టి, అంచులు కుట్టడమే. 1950ల చివర్లో అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ అనే సర్జన్ ప్లాస్టిక్ మెష్ (వల లాంటి అల్లిక) వాడకం మొదలుపెట్టాక, కుట్టు మీద లాగుడు పడకుండా అతుకు వేసే వీలు చిక్కింది. 1992లో ఈ హెర్నియాకు లాపరోస్కోపీ రిపేరు, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు దూర్చి చేసే రిపేరు, గురించి తొలి నివేదిక వచ్చింది. కెమెరా లోపలి నుంచి చూస్తుంది, కాబట్టి ఆ పై మూత అడ్డే కాదు. పేగు నల్లబడి కొంత కోసి తీయాల్సి వచ్చిన చోట మాత్రం, ఇన్ఫెక్షన్ భయంతో మెష్ పెట్టాలా వద్దా అని సర్జన్లు ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.