గ్యాస్ బిళ్ళ కాపాడలేని పేగు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మోకాళ్ళ నొప్పికి బిళ్ళ ఎందుకు మానేశావని సెలవుల్లో మీరు అడిగారు. ఆ రోజు వంటింటి హడావిడిలో సరిగా చెప్పలేకపోయాను.

రెండేళ్ళ పాటు చీటీ లేకుండానే మందుల షాపులో ఆ బిళ్ళలు కొన్నాను. షాపతను షీటును కత్తెరతో కత్తిరించి నాలుగేసి బిళ్ళలు ఇచ్చేవాడు. మందు పేరున్న ముక్క అతని దగ్గరే ఉండిపోయేది. పరగడుపున గ్యాస్ బిళ్ళ కూడా వేసుకునేదాన్ని కనుక కడుపులో మంట ఎన్నడూ రాలేదు. కానీ మెట్లెక్కితే ఆయాసం, గోళ్ళు పాలిపోవడం మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 మాత్రమే ఉంది, అంటే రక్తం బాగా తగ్గిపోయింది. ఏం బిళ్ళలని డాక్టరుగారు అడిగితే పేరు చెప్పలేకపోయాను. షాపుకు మనిషిని పంపితే డైక్లోఫెనాక్ అని తెలిసింది. గొంతులోంచి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీలో కడుపు శుభ్రంగానే కనిపించింది. కెమెరా ఉన్న క్యాప్స్యూల్‌ను మింగించి చూసినప్పుడు చిన్న పేగులో పుళ్ళు బయటపడ్డాయి. నా రక్తం పోతున్నది వాటి నుంచే.

దీని కారణం మీకు తెలియాలి. దెబ్బ తగిలిన చోట నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు, కడుపులోనూ పేగులోనూ జిగురు పొరనూ రక్తప్రసరణనూ నిలబెట్టి గోడను కాపాడుతుంటాయి. ఆస్పిరిన్ జాతి మందులు వీటి తయారీని ఆపుతాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. నా డైక్లోఫెనాక్ కూడా ఆ జాతిదే. వేన్ 1982లో నోబెల్ పంచుకున్నాడు. నొప్పితో పాటు కాపలా కూడా పోతుందన్నమాట. పైగా డైక్లోఫెనాక్ వంటి వాటిని కాలేయం పైత్యరసంతో కలిపి తిరిగి పేగులోకే పంపుతుంది; అలా ఒకే బిళ్ళ పేగు గోడను పదే పదే తాకుతుంది, బలహీనపడిన చోట సూక్ష్మక్రిములు చొరబడి పుండు చేస్తాయి. గ్యాస్ బిళ్ళ తగ్గించేది కడుపులోని ఆమ్లాన్ని మాత్రమే. చిన్న పేగులో జరిగే ఈ నష్టానికి ఆ ఆమ్లం ముఖ్య కారణం కాదు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో 40 మంది ఆరోగ్యవంతులకు రెండు వారాలు డైక్లోఫెనాక్‌తో పాటు ఒమెప్రజోల్ అనే గ్యాస్ బిళ్ళ కూడా ఇచ్చి చూస్తే, 27 మంది చిన్న పేగులో కొత్తగా గాయాలు కనిపించాయి. నా గ్యాస్ బిళ్ళ నన్నెందుకు కాపాడలేదో నాకు అప్పుడు అర్థమైంది.

పెద్దదానా, నెలసరి నొప్పికి నువ్వు వేసుకునే మెఫెనమిక్ ఆమ్లం కూడా ఈ కుటుంబానిదే. డాక్టరు చెప్పిన ఒకటి రెండు రోజులకు భయపడకు, కానీ దానిమీద ఇంకో నొప్పి బిళ్ళ కలపకు. మలం తారులా నల్లగా వస్తే సిగ్గుపడకుండా వెంటనే చెప్పు. తాతయ్య గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్‌ను మాత్రం ఈ ఉత్తరం చదివి ఎవరూ ఆపించవద్దు. అది డాక్టరు లెక్క చూసి ఇచ్చినది.

బిళ్ళ ఆపి, ఐరన్ మందు వాడాక, నాలుగు నెలలకు నా హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. మోకాళ్ళ నొప్పి ఉంది, వ్యాయామం చేస్తున్నాను. ఇప్పుడు ఏ మందుకైనా షాపతను కత్తెర తీస్తే, పేరున్న వైపు ఇమ్మని అడుగుతున్నాను.

మీ అమ్మమ్మ