అంతా కలిసి కదలని సర్వర్లు: రోలింగ్ రిలీజ్‌లో వెర్షన్ల చిక్కు ఎలా మొదలైంది?

2024 జూలై 1న ఆర్చ్ లినక్స్ నిర్వాహకులు ఒక చిన్న ప్రకటన విడుదల చేశారు. ఆర్చ్ అనేది రోలింగ్ రిలీజ్ పద్ధతిలో నడిచే లినక్స్ పంపిణీ (లినక్స్‌తో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్), అంటే విడివిడి విడుదలలు లేకుండా సాఫ్ట్‌వేర్లన్నీ ఎప్పటికప్పుడు తాజా అవుతూ ఉంటాయి. దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం 9.8కు అప్‌గ్రేడ్ అయిన వెంటనే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసును రీస్టార్ట్ చేయాలని, లేకపోతే అది కొత్త కనెక్షన్లను స్వీకరించదని ఆ ప్రకటన సారాంశం. ఎదురుగా ఉన్న కంప్యూటర్‌కైతే ఇది పెద్ద విషయం కాదు. ఎక్కడో డేటా సెంటర్‌లో ఉండి, ఎస్‌ఎస్‌హెచ్ తప్ప లోపలికి వెళ్ళే దారి మరొకటి లేని సర్వర్‌కు మాత్రం ఇది తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాక్కోవడమే.

ఇలా ఎందుకయింది? మెమరీలో నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం పాతది. కొత్త కనెక్షన్ వచ్చిన ప్రతిసారీ అది డిస్కు మీదున్న తన ఫైలును మళ్ళీ నడుపుతుంది. 9.8 వెర్షన్‌లో ఆ ఒక్క ప్రోగ్రాంను రెండుగా విడదీశారు: కనెక్షన్ల కోసం ఎదురుచూసేది ఒకటి, వచ్చినవాటిని నడిపించేది మరొకటి. అప్‌గ్రేడ్ ముగిశాక మెమరీలో పాత అమరిక, డిస్కు మీద కొత్త అమరిక మిగిలాయి. రెంటికీ పొసగలేదు. 2020 ఫిబ్రవరిలో 8.2 వెర్షన్ వచ్చినప్పుడు కూడా ఇలాంటి ఇబ్బందే తలెత్తింది, ఇలాంటి ప్రకటనే వెలువడింది.

అప్‌గ్రేడ్‌ను ఇంకో వారం వాయిదా వేసుకునే వీలూ ఆ రోజు లేదు. పాస్‌వర్డ్ లేకుండానే దూరం నుంచి రూట్ అధికారం (వ్యవస్థ మీద పూర్తి పెత్తనం) దక్కించుకునే అవకాశమున్న లోపాన్ని క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు అదే రోజు బయటపెట్టారు. దాన్ని పూడ్చిన వెర్షనే 9.8. డెబియన్ అనే మరో లినక్స్ పంపిణీ 12వ వెర్షన్ వాడేవారికి కూడా అదే రోజు పరిష్కారం అందింది. కానీ వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం 9.2గానే ఉండిపోయింది, ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూట) వెర్షన్ చివర ఉండే సవరణ సంఖ్య ఒక్కటే మారింది. వ్యాపార సంస్థల కోసం రెడ్‌హ్యాట్ కంపెనీ అందించే రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.0. లోపం 8.5తో ప్రవేశించింది కనుక అక్కడ పూడ్చడానికి ఏమీ లేదు. ఒకే సమస్యకు మూడు చోట్ల మూడు సమాధానాలు. ఈ తేడాకు ఇరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

డెబియన్ 1993లో మొదలైంది. స్టేబుల్ అని విడుదల చేసిన తర్వాత అందులోని సాఫ్ట్‌వేర్ల వెర్షన్లను కదపకుండా ఉంచి, భద్రతా లోపాలకు కావలసిన మార్పులను మాత్రమే పాత వెర్షన్‌కు వెనక్కి తెచ్చి అతికించడం దాని పద్ధతి. కొత్త ప్యాకేజీలు ముందు 'సిడ్' అనే అన్‌స్టేబుల్ శాఖలోకి వస్తాయి, అక్కడ కొన్నాళ్ళు నలిగి టెస్టింగ్‌లోకి చేరతాయి. అంటే నిత్యం కదిలే ప్రవాహం డెబియన్ లోపలే ఉంది. దాన్ని సర్వర్ల మీద పెట్టుకోమని మాత్రం డెబియన్ ఎవరికీ చెప్పలేదు.

దారులు స్పష్టంగా వేరయినది 2002లో. రెడ్‌హ్యాట్ ఆ ఏడాది అడ్వాన్స్‌డ్ సర్వర్ 2.1ను తెచ్చింది. తర్వాత రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌గా పేరు పొందినది అదే. డేటాబేసులు, వ్యాపార సాఫ్ట్‌వేర్లు అమ్మే కంపెనీలు 'ఫలానా వెర్షన్ మీద మా సరుకు పనిచేస్తుంది' అని హామీ ఇవ్వాలంటే ఆ వెర్షన్ ఏళ్ళ తరబడి మారకుండా ఉండాలి. ఆ అవసరంలోంచి పుట్టిన ఉత్పత్తి అది. అదే ఏడాది మార్చిలో జడ్ వినెట్ ఆర్చ్ లినక్స్ తొలి వెర్షన్‌ను, డేనియల్ రాబిన్స్ బృందం జెంటూ 1.0ను విడుదల చేశాయి. ఆరు నెలలకో ఏడాదికో వ్యవస్థ మొత్తాన్ని తిరగేసి కొత్త విడుదలకు మారే శ్రమ లేకుండా, ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచుకోవాలన్నది వీరి కోరిక. ఇది తమ కంప్యూటర్‌ను స్వయంగా చూసుకునేవారి కోరిక, న్యాయమైనది కూడా. 2010లో లినక్స్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ అనే మరో రోలింగ్ పంపిణీని మొదలుపెట్టారు. 2014లో అది ఓపెన్‌సూసే అభివృద్ధి శాఖ అయిన ఫ్యాక్టరీతో కలిసిపోయి నేటి రూపానికి వచ్చింది.

రోలింగ్ పద్ధతి మొత్తం ఒకే షరతు మీద నిలబడి ఉంది. కదిలితే అంతా కలిసి కదలాలి. ఒక రోజున రిపోజిటరీలో (పంపిణీ తన ప్యాకేజీలను ఉంచే భాండారంలో) ఉన్న ప్యాకేజీలన్నీ ఆ రోజున ఉన్న లైబ్రరీలతో (అనేక ప్రోగ్రాంలు ఉమ్మడిగా వాడుకునే కోడ్‌తో) పనిచేసేలా తయారైనవి. మూడు నెలల కిందటి వ్యవస్థ మీద ఈ రోజు ప్యాకేజీ ఒక్కదాన్ని తెచ్చి పెడితే అది ఈ రోజు లైబ్రరీని అడుగుతుంది, అక్కడ ఉన్నదేమో మూడు నెలల కిందటిది. అందుకే ప్యాకేజీల జాబితాను మాత్రం తాజా చేసుకుని, కావలసినది ఒక్కటే ఇన్‌స్టాల్ చేసుకునే పాక్షిక అప్‌గ్రేడ్‌కు తాము బాధ్యత వహించబోమని ఆర్చ్ నిర్వాహకులు కుండబద్దలు కొట్టినట్టు చెబుతూనే ఉన్నారు.

వాడుకదారులకు నిజంగా సేవలందించే ప్రొడక్షన్ సర్వర్ స్వభావం సరిగ్గా ఈ షరతుకు ఎదురు. అక్కడ డేటాబేస్ వెర్షన్‌ను ఎవరో ఆపి ఉంచుతారు. బయటి కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ చేతిలో ఉండదు. సొంత అప్లికేషన్‌ను ఏడాది కిందట ఏదో లైబ్రరీకి అనుగుణంగా కంపైల్ చేసి ఉంటారు. రీబూట్ చేయాలంటే నలుగురి అనుమతి కావాలి. నా ఉద్దేశంలో రోలింగ్ సర్వర్ల మీద వచ్చే వెర్షన్ తగాదాలలో ఎక్కువ భాగానికి కారణం కొత్త సాఫ్ట్‌వేర్ చెడ్డది కావడం కాదు, కొంత కదిలి కొంత ఆగిపోవడం.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ విషయమే చూడండి. ఆర్చ్‌లో కెర్నల్ ప్యాకేజీ అప్‌గ్రేడ్ కాగానే పాత కెర్నల్‌కు చెందిన మాడ్యూళ్ళ (అవసరమైనప్పుడు కెర్నల్ జతచేసుకునే భాగాల) ఫోల్డర్ తొలగిపోతుంది. నడుస్తున్నది మాత్రం ఇంకా పాత కెర్నలే. అప్పటికే మెమరీలో ఉన్న మాడ్యూళ్ళతో సర్వర్ మామూలుగానే పనిచేస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ఎప్పుడో ఒకనాడు కొత్తగా వీపీఎన్ మొదలుపెట్టబోతేనో, ఫైర్‌వాల్‌కు కొత్త నియమం చేర్చబోతేనో, దానికి కావలసిన మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. అప్‌గ్రేడ్ జరిగిన రోజుకూ ఎర్రర్ కనిపించిన రోజుకూ మధ్య ఎంత కాలమైనా గడిచి ఉండవచ్చు. కారణం వెదికేవారికి ఆ వ్యవధే పెద్ద శత్రువు.

లైబ్రరీల మార్పులు ఇంతకంటే బహిరంగంగా జరిగాయి. 2010 అక్టోబరులో ఆర్చ్ తన డిఫాల్ట్ పైథాన్‌ను 3కు మార్చింది. మిగతా లోకమంతా పైథాన్ 2లో ఉన్న కాలమది. వెర్షన్ రాయకుండా 'పైథాన్' అని మాత్రమే పిలిచిన స్క్రిప్టులు ఒక్కసారిగా మొరాయించాయి. 2022 నవంబరులో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఆర్చ్‌లోకి వచ్చినప్పుడు, 1.1ను నమ్ముకున్న బయటి సాఫ్ట్‌వేర్ల కోసం పాత లైబ్రరీని విడి ప్యాకేజీగా ఉంచాల్సి వచ్చింది.

డేటాబేస్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి గంభీరమవుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌లో వెర్షన్‌ను తెలిపే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ఒక్క సంఖ్య, ఉదాహరణకు 13, తప్ప మరేమీ ఉండదు. 14వ వెర్షన్ సర్వర్ లేచి ఆ సంఖ్యను చూసి, ఈ ఫైళ్ళు తనకు సరిపడవని చెప్పి ఆగిపోతుంది. ఒక పెద్ద వెర్షన్ నుంచి మరొకదానికి మారాలంటే పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం రెండూ చేతిలో ఉంచుకుని డేటాను మార్చుకోవాలి. స్టేబుల్ పంపిణీలో ఈ పని ఎప్పుడు చేయాలో నిర్ణయం మనది. రోలింగ్ పంపిణీలో ఆ రోజును రిపోజిటరీ నిర్ణయిస్తుంది. అందుకే ఆర్చ్ వాడేవారు పోస్ట్‌గ్రెస్‌ను అప్‌గ్రేడ్ కాకుండా ఆపి ఉంచుతారు, ఆ క్షణంలోనే పైన చెప్పిన షరతును మీరుతారు. అయినా ఈ వైఫల్యాన్ని నేను మంచి రకం వైఫల్యమనే అంటాను. సర్వర్ లేవదు, కారణం చెబుతుంది, డేటా చెక్కుచెదరదు.

చెప్పకుండా చెడేది ఇంకొకటి ఉంది. లినక్స్‌లో చాలా ప్రోగ్రాంలు వాడుకునే ప్రాథమిక లైబ్రరీ జీలిబ్‌సీ. 2018 ఆగస్టు 1న విడుదలైన దాని 2.28 వెర్షన్‌లో అక్షర క్రమానికి సంబంధించిన పట్టికలను అంతర్జాతీయ ప్రమాణానికి అనుగుణంగా పూర్తిగా సవరించారు. అది సరైన పనే. దాని ఫలితంగా 1-1, 11 అనే రెండు పదాలను అమెరికన్ ఇంగ్లీషు లొకేల్‌లో (భాషా, ప్రాంతీయ అమరికలో) క్రమపరిస్తే, ముందు వెర్షన్లలో 11 మొదట వచ్చేది, 2.28 నుంచి 1-1 మొదట వస్తోంది. మన ఊళ్ళలో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకుంటే ఇది ఎంత దగ్గరి విషయమో తెలుస్తుంది. ఇంటి నంబర్ల కాలమ్ మీద పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్ (త్వరగా వెదకడానికి క్రమంలో పేర్చిన సూచిక) ఉందనుకుందాం. ఇండెక్స్ పాత క్రమంలో పేర్చి ఉంది. జీలిబ్‌సీ అప్‌గ్రేడ్ అయ్యాక వెదకడం కొత్త క్రమంలో జరుగుతుంది. టేబుల్‌లో ఉన్న ఇల్లే లేదని జవాబు రావచ్చు. పాతది కనిపించలేదు కనుక అదే నంబరుతో రెండో వరుస చేరిపోవచ్చు, ఆ కాలమ్‌లో ఒకే విలువ రెండుసార్లు రాకూడదని నియమం ఉన్నా సరే.

ఇక్కడ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మారలేదు, అప్లికేషన్ మారలేదు, ఎర్రర్ ఒక్కటీ రాలేదు. పాత జీలిబ్‌సీ ఉన్న ప్రధాన సర్వర్ నుంచి కొత్త జీలిబ్‌సీ ఉన్న ప్రతిరూప సర్వర్‌కు డేటా వెళ్తుంటే, ఒకే ప్రశ్నకు రెండు సర్వర్లూ రెండు జవాబులు చెప్పే పరిస్థితి. రోలింగ్ పంపిణీలకు ఇది 2018లోనే ఒక మామూలు అప్‌డేట్‌లో భాగంగా వచ్చింది. రెడ్‌హ్యాట్ 8, డెబియన్ 10 వాడేవారికి 2019లో వచ్చింది. వారూ దెబ్బతిన్నారు. అయితే వారు అప్పుడు పెద్ద వెర్షన్ మారుతున్నామని తెలిసి మారుతున్నారు, బ్యాకప్‌లూ పరీక్షలూ ఆ పనిలో భాగంగానే ఉంటాయి. రోలింగ్ సర్వర్ మీద అది మరో యాభై ప్యాకేజీల మధ్య ఒక వరుసగా దొర్లిపోతుంది.

దీన్ని బట్టి స్టేబుల్ అంటే భద్రం అని తీర్మానించడం అన్యాయం. డెబియన్ సొంతంగా చేసిన ఒక మార్పు వల్ల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఊహించడానికి వీలైన తాళంచెవులను (ఎన్‌క్రిప్షన్ కీలను) తయారుచేస్తోందని 2008 మేలో బయటపడింది, అప్పటికే ఆ లోపం స్టేబుల్‌లో ఉంది. వెర్షన్ సంఖ్య మార్చకుండా ప్యాచ్‌లు అతికించే పద్ధతిలోనూ మరో రకం గందరగోళం ఉంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం 1.0.1జీ వెర్షన్‌లో పూడింది. రెడ్‌హ్యాట్ 6, డెబియన్ 7 తమ 1.0.1ఈకే ప్యాచ్ వేశాయి. వెర్షన్ సంఖ్య చూసి తీర్పు చెప్పే స్కానర్లు ఇలాంటి సర్వర్లను ఇప్పటికీ ప్రమాదకరమని ఎర్రజెండా ఎత్తుతుంటాయి. ఆడిట్ చేసేవారికి నచ్చజెప్పడంలో ఎన్ని మధ్యాహ్నాలు వృథా అవుతాయో సర్వర్లు చూసుకునేవారికి తెలుసు.

ఫైళ్ళను కుదించే ఎక్స్‌జడ్ సాఫ్ట్‌వేర్‌లో 2024 మార్చి 29న బయటపడిన దొంగదారి (బ్యాక్‌డోర్) ఈ తూకాన్ని ఇంకా స్పష్టం చేసింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని చొప్పించారు. డెబియన్ సిడ్, టంబుల్‌వీడ్ వంటివాటిలోకి అది చేరింది, స్టేబుల్ విడుదలలకు చేరలేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి కూపీ లాగినవారు పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన వాడుతున్నది డెబియన్ సిడ్. నిదానంగా కదిలే సర్వర్లన్నీ ఆ రోజు బతికి బయటపడ్డాయంటే, వేగంగా కదిలే యంత్రాల మీద కొందరు కూర్చుని ఉండటమే కారణం. వారికి మనం రుణపడి ఉన్నాం.

కొందరు రోలింగ్‌ను కోరుకోకుండానే దానికి దగ్గరగా వచ్చిపడ్డారు. 2029 వరకు నడుస్తుందని నమ్మిన, రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కు ఉచిత ప్రతిరూపమైన సెంట్‌ఓఎస్ 8ను 2021 చివరికే ముగిస్తున్నామని 2020 డిసెంబరు 8న ప్రకటన వచ్చింది. దాని బదులు చూపిన సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ ఆర్చ్ మాదిరిగా పరుగెత్తేది కాదు, ఒక పెద్ద వెర్షన్ హద్దుల్లోనే ఉంటుంది. కానీ రెడ్‌హ్యాట్ తదుపరి చిన్న విడుదలలోకి రాబోయే మార్పులు అందులోకి ముందే వస్తాయి. రెడ్‌హ్యాట్ కెర్నల్ కోసం బయటి కంపెనీలు తయారుచేసే మాడ్యూళ్ళు అక్కడ కుదరకపోవచ్చు. ఆ ఖాళీని పూరించడానికే 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. మరోవైపు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన సర్వర్లను స్ట్రీమ్ మీదే నడుపుతోంది. తనకు కావలసిన ప్యాకేజీలను తానే తయారుచేసుకుని పరీక్షించుకోగల బలగం ఉన్నవారికి అది సాధ్యం. ముగ్గురు మనుషులు నలభై సర్వర్లు చూసుకునే కార్యాలయానికి ఆ ఉదాహరణ వర్తించదు.

అప్లికేషన్‌ను దానికి కావలసినవాటితో కలిపి మూటగట్టే డాకర్ 2013లో వచ్చాక ఈ తగాదా తీరినట్టే అనిపించింది. అప్లికేషన్ తన లైబ్రరీలను తానే మోసుకెళ్తుంది, కింద ఏ వ్యవస్థ ఉన్నా ఫరవాలేదు. కెర్నల్ మాత్రం ఉమ్మడిదే కనుక మాడ్యూళ్ళ సమస్య అలాగే ఉంది. పైగా 'లేటెస్ట్' అని రాసి తెచ్చుకునే ఇమేజ్ (డాకర్ మూట) దానికదే ఒక రోలింగ్ వ్యవస్థ. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ అడుగున ఉన్న డెబియన్ ఒక తరం ముందుకు జరిగితే, లోపలి జీలిబ్‌సీ మారి, బయట భద్రంగా ఉంచుకున్న డేటా ఫోల్డర్‌లోని ఇండెక్సుల మీద పైన చెప్పిన కథే పునరావృతమవుతుంది.

పోస్ట్‌గ్రెస్ బృందం దీనికి తన వైపు నుంచి పరిష్కారం వెదికింది. 15వ వెర్షన్ నుంచి డేటాబేస్ సృష్టించినప్పటి అక్షర క్రమం వెర్షన్‌ను గుర్తుంచుకుని, ఇప్పటి వ్యవస్థలో ఉన్నది వేరైతే కనెక్ట్ కాగానే హెచ్చరిస్తుంది. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడని క్రమాన్ని తనలోనే చేర్చుకుంది. కొత్తగా సృష్టించే డేటాబేసుకు దాన్ని ఎంచుకుంటే జీలిబ్‌సీ ఎంత కదిలినా ఇండెక్స్ కదలదు, కాకపోతే అది కోడ్ పాయింట్ల (యూనికోడ్‌లో అక్షరాలకిచ్చిన సంఖ్యల) వరుస, ఏ భాషకూ సహజమైన అకారాది క్రమం కాదు. పాత డేటాబేసులకు హెచ్చరిక చూశాక ఇండెక్సులను మళ్ళీ నిర్మించుకోవడం, అప్పటికే రెండుసార్లు చేరిన వరుసలుంటే వాటిని ఒక్కొక్కటిగా విడదీసి సరిచేయడం తప్పదు.