ఎముకకు కుదుపు కావాలి

కోనసీమలో సైకిల్ తొక్కేవాడికి ఎత్తుపల్లాల బాధ లేదు. ఏ కాలువ గట్టు పట్టుకుని వెళ్లినా నేల బల్లపరుపే. ఆ కాలువల్లోనే ఈత నేర్చుకున్న కుర్రాళ్లు ఊరూరా ఉంటారు. సైకిలూ, ఈతా గుండెకు ఎంతో మంచివి. ఎముకకు మాత్రం వాటివల్ల ఒరిగేది తక్కువ. రోజూ గంటల తరబడి సాధన చేసే పోటీ సైక్లిస్టుల్లో కూడా నడుము దగ్గర వెన్నుపూసల సాంద్రత తక్కువగా ఉంటున్నట్టు పరీక్షల్లో తేలింది. సైకిల్ మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, ఈతలో నీళ్లు మోస్తాయి. ఎముకకు పని పడదు.

ఎముక ప్రాణమున్న కణజాలం. కొన్ని కణాలు పాత ఎముకను తొలిచేస్తుంటే, మరికొన్ని కొత్తది కడుతూ ఉంటాయి. ఎక్కడ కట్టాలో చెప్పేవి లోపలుండే ఆస్టియోసైట్లు. వాటి చుట్టూ సన్నటి సందుల్లో ద్రవం ఉంటుంది. మనం గెంతి దిగినప్పుడు ఎముక కంటికి కనబడనంత వంగుతుంది, పంట బోదెల్లో నీళ్లలా ఆ ద్రవం కదులుతుంది. దాన్ని పసిగట్టిన ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తాయి. కొత్త ఎముక కట్టకుండా ఆపేది ఆ ప్రోటీనే. అది తగ్గితే భారం పడిన చోట ఎముక గట్టిపడుతుంది. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా లావుగా ఉండేది ఇందుకే. భారమే లేని అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తరిగిపోతుంది.

సాత్విక్ సాయిరాజ్ ఊరు అమలాపురం కాబట్టి బ్యాడ్మింటన్ గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నెట్ దగ్గర పడబోతున్న షటిల్ కోసం ఆటగాడు కుడికాలు చాచి దూకినప్పుడు ఆ మడమ చూడండి. దబ్బున నేలను తాకుతుంది, అక్కడికక్కడే ఒళ్లంతా ఆగి వెనక్కి తిరుగుతుంది. మామూలు నడకలో కాలిమీద పడేది ఒంటి బరువు కన్నా కాస్త ఎక్కువ, అంతే. పరుగులో రెండు మూడు రెట్లు పడుతుంది, గట్టిగా గెంతి దిగితే నాలుగు రెట్లు కూడా దాటవచ్చు. కబడ్డీ, వాలీబాల్, తాడాట, అన్నీ ఈ కోవలోవే.

గంటసేపు గెంతాల్సిన పనీ లేదు. జంతువులపై చేసిన ప్రయోగాల్లో, కొన్ని పదుల కుదుపులయ్యాక ఎముక కణాలు స్పందించడం బాగా తగ్గిపోయింది. కొన్ని గంటలు విశ్రాంతి ఇస్తే మళ్లీ పుంజుకున్నాయి. అందుకే పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తాడాట ఆడటం మేలు. అలవాటు లేనివాళ్లు మాత్రం మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారిగా మొదలుపెడితే కాలి ఎముకల్లో సన్నటి పగుళ్లు రావచ్చు.

వయసు ముఖ్యం. ఎముక బలంలో అధిక భాగం ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది, ముప్ఫైకి దగ్గరపడేసరికి ఆ పెరుగుదల ఆగిపోతుంది. మన పిల్లలు సరిగ్గా ఇంటర్‌లోనే ఆట మానేస్తారు. ఆడపిల్లల చేత ఇంకా ముందే మాన్పిస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

కుదుపు ఒక్కటే చాలదు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా దొరుకుతుంది. ముల్లుతో సహా తినే మెత్తళ్లు కూడా మంచివే. ఒంటికి ఎండ తగలాలి. సన్నబడాలని తిండి మానేసిన అమ్మాయికి, ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి నెలసరి ఆగిపోతే, ఎంత గెంతినా ఎముక పలచబడుతుంది. అలా నెలసరి వరుసగా తప్పుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.