కుక్క కాటు కేసులు: గేటు మీది బోర్డు ఎవరినీ కాపాడదు

కుక్క కాటు గొడవ మీద నా దగ్గరికి ఎటువైపు వాళ్లు వచ్చినా, ముందు చెప్పే మాట ఒకటే. "గేటుకి బోర్డు ఉందండీ." యజమాని ధీమాగా అంటాడు. కాటు పడ్డవాళ్లు తప్పు తమదే అన్నట్టు నసుగుతూ చెబుతారు. ఈ ఒక్క నమ్మకంతో అడగాల్సిన పరిహారం అడగకుండా ఊరుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను.

అపోహ: ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని రాసి పెడితే బాధ్యత తీరిపోయినట్టే.

తీరదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ (పాత ఐపీసీ 289) చూసేది ఒకటే: మీ దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు ఉంటే, దాన్ని ఆపడానికి సరిపడా జాగ్రత్త తీసుకున్నారా లేదా అని. తెలిసి వదిలేసినా, నిర్లక్ష్యంగా వదిలేసినా నేరమే. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్ కేసే (బెయిలు హక్కుగా వస్తుంది), కానీ కాగ్నిజబుల్, అంటే కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులే కేసు కట్టాలి. "ఇది సివిల్ మ్యాటర్, మీలో మీరు చూసుకోండి" అని స్టేషన్లో పంపించేస్తే వెనక్కి రాకండి.

ఇంకో సంగతి. బోర్డు తగిలించారంటే కుక్క కరుస్తుందని మీకు ముందే తెలుసన్నమాట. తెలిసీ గొలుసు ఎందుకు వేయలేదని అవతలి లాయరు అడిగితే ఏం చెబుతారు?

ఇళ్లలో పనిచేసే ఒకావిడ మెట్లు తుడుస్తుంటే ఆ ఇంటి కుక్క వెనక నుంచి వచ్చి పిక్క పట్టేసింది. ఇంటాయన నా ఆఫీసుకే వచ్చి, ఫోన్లో బోర్డు ఫోటో తీసి చూపించాడు. కాగితపు పూల తీగ పాకి సగం కప్పేసింది, పైకి కనబడేది ‘జాగ్రత్త’ ఒక్కటే. ఆవిడకా, చదువు రాదు. ఆ ఫోటో నాకు వాట్సాప్ చేయమన్నాను. సంతోషంగా చేశాడు. ఆవిడ తరఫున మా కాగితాల్లో మొట్టమొదట పెట్టింది దాన్నే. తర్వాత ఆయన లాయరుకి విషయం అర్థమై రాజీకి వచ్చారు.

దొంగతనానికి గోడ దూకినవాడి సంగతి వేరు. పనిమనిషి, పాలబ్బాయి, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడు, కరెంటు రీడింగ్ తీసేవాడు పని మీద వచ్చినవాళ్లు. వాళ్లు వచ్చే వేళకు కుక్కను కట్టేయాల్సింది యజమానే. అయితే కుక్కను రెచ్చగొట్టి కరిపించుకుంటే పరిహారం తగ్గుతుంది, అదీ నిజమే.

అసలు కేసుకి కుక్క పన్ను దిగాలని కూడా లేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క మీదికి వస్తే భయపడి మూడో అంతస్తు నుంచి దూకిన డెలివరీ యువకుడు చనిపోయాడు. కుక్క యజమాని మీద కేసు పెట్టారు.

అపోహ: టీకాలు వేయించిన కుక్కే, మీకు సూది అక్కర్లేదు.

మెట్లు తుడిచిన ఆ పనావిడకూ ఇదే చెప్పి, చేతిలో 500 పెట్టి పంపారు. గాయం మీద పసుపు, సున్నం మెత్తుకుని ఇంట్లో కూర్చుంది. మర్నాడు కొడుకు బలవంతాన పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. అందుకని ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, ఆ వెంటనే ఆసుపత్రి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు. ఆ ఓపీ చీటీ, టీకా కార్డు, మందుల బిల్లులు, గాయం ఫోటోలు దాచండి. రేపు మీ సాక్ష్యం అవే.

మిగతావి గబగబా. ‘ఇదివరకెప్పుడూ కరవలేదు’ అంటే జాగ్రత్త తీసుకున్నట్టు కాదు. ‘కుక్క మా అబ్బాయిది, వాడు అమెరికాలో ఉన్నాడు’ అంటారు. సెక్షన్ చూసేది అది ఎవరి దగ్గర ఉందన్నదే. (ఆ అబ్బాయి కాలిఫోర్నియాలో కుక్కను పెంచితే ఇంకా కష్టం. అక్కడ కుక్క అంతకుముందు కరవకపోయినా యజమాని పరిహారం కట్టాల్సిందే.) ‘పంటి గాటుకి 10,000’ అని ఫార్వర్డ్ చేసే మెసేజ్ నాకు ఇప్పటికీ వస్తూనే ఉంది. అది 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు వీధి జంతువుల విషయంలో అక్కడి ప్రభుత్వాలకు చెప్పింది. పక్కింటి కుక్కకీ దానికీ సంబంధం లేదు.

అపోహ: కేసు పెడితే డబ్బు దానంతట అదే వస్తుంది.

క్రిమినల్ కేసులో కట్టే జరిమానా మామూలుగా ప్రభుత్వానికి పోతుంది. వైద్య ఖర్చులు, పోయిన కూలి కావాలంటే సివిల్ దావా వేయాలి. కోర్టుల చుట్టూ తిరగడమంటే టెన్షన్ పడేవాళ్లకు ఇంకో దారి ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ (కేసు వేయకముందే రాజీ కోసం) పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్ని కూడా ఉచితంగా ఇస్తారు. ఆ అర్జీ మీద లోక్ అదాలత్‌లో (రాజీలు కుదిర్చే అదాలత్) రాజీ కుదిరితే, అక్కడిచ్చే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, యజమాని తర్వాత మాట మార్చినా వసూలు చేసుకోవచ్చు. వీధి అరుగు మీద నలుగురిలో ఇచ్చిన మాటకు ఆ బలం లేదు.